దేవుణ్ణి ఎరగడమూ, దేవుని గురించి తెలుసుకోవడమూ ఒకటేనా?

సందేహం: మాది ఒంగోలు. మా సంఘంలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. ఈ నెల వాళ్లు కంఠస్థం చేయవలసిన వాక్యం యోహాను సువార్త 17వ అధ్యాయం 3వ వచనం: ‘‘అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసు క్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము.’’ ‘ఎరుగుట’ అంటే ఏమిటని పిల్లలు అడిగితే ‘తెలుసుకోవడం’ అని చెప్పాను. వెంటనే ఒక పాప, ‘‘దేవుడున్నాడని నాకు తెలుసు కదా టీచర్, అయితే నాకు నిత్యజీవం వచ్చేసినట్టేనా?’’ అంది. నాకు జవాబు తోచలేదు. ఈ రెండు మాటలకూ తేడా ఉందా? అలాగే 73వ కీర్తనలోని ‘దేవుని పొందు’ అన్న మాటను పెద్ద పిల్లల ముందు చదవడం ఇబ్బందిగా ఉంది. దాని బదులు ‘సాన్నిహిత్యం’ అనవచ్చా?

సమాధానం: అమ్మా, ఆ పాప చాలా లోతైన చోట వేలు పెట్టింది. మీరు చెప్పిన అర్థం తప్పు కాదు. కొన్ని వాడుకభాషా అనువాదాల్లోనూ అక్కడ ‘తెలుసుకోవడం’ అనే ఉంది. అయినా ఆ వచనం మోస్తున్న బరువుకు ఆ మాట చాలదు.

ముందు వాక్యం ఎలా నడుస్తుందో చూడండి. ‘ఆయన నాకు తెలుసు’ అంటాం. అదే ‘ఎరుగు’ వాడితే ‘నేను ఆయనను ఎరుగుదును’ అనాలి. మొదటిదానిలో ‘నాకు’ అని ‘కు’ ప్రత్యయం వచ్చింది. సంగతి నా దగ్గరికి చేరింది, అంతవరకే. రెండోదానిలో నేను కర్తను, ఆయన కర్మ. ఆ ఇద్దరి మధ్య ఒక నడక ఉంది. అందుకే ‘తెలుసు’ పక్కన ఏదైనా ఇముడుతుంది: రైలు వచ్చే వేళ తెలుసు, లెక్క తెలుసు, ఫలానా వారి ఇల్లు తెలుసు. మీ జిల్లా కలెక్టరు ఎవరో ఒంగోలులో చాలామందికి తెలుసు, ఆయనను ఎరిగినవారు కొద్దిమందే. ‘ఎరుగు’ అనాలంటే పరిచయమో అనుభవమో ఉండి తీరాలి. ‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అంటాం. ఒళ్లెరగని జ్వరం, కష్టమెరగని పెంపకం, లోకమెరిగిన మనిషి అంటాం. వీటిలో దేనినీ చదివి సంపాదించలేం. మొసలి పట్టు విడిపించుకోలేక అలసిపోయిన గజేంద్రుడి చేత పోతన ‘‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’’ అనిపించాడు. ఏనుగుకు సమాచారం కొరవడిందని దాని భావం కాదు కదా! తన ప్రాణానికి ఇంకో దిక్కు లేదని ఆ మొర. భాగవతమూ బైబిలూ చెప్పే సిద్ధాంతాలు వేరు, అయినా ఈ క్రియాపదం రెండింటికీ ఉమ్మడి సొత్తు.

ఇక మీ చేతిలోని బైబిలులోనే చూడండి. గర్భవతివి అవుతావని దూత చెప్పినప్పుడు మరియ ‘‘నేను పురుషుని ఎరుగనిదాననే’’ అంటుంది. అక్కడ ‘నాకు పురుషుడు తెలియదు’ అని మార్చి చూడండి, అర్థమే చెడిపోతుంది. నీ పేరున ప్రవచించాం, దయ్యాలను వెళ్లగొట్టాం అని చెప్పుకొనేవారితో ప్రభువు ‘‘నేను మిమ్మును ఎన్నడును ఎరుగను’’ అంటానన్నాడు. అన్నీ తెలిసినవాడికి వాళ్లెవరో తెలియకుండా ఉంటుందా? తెలుసు. వారితో ఆయనకు పొత్తు లేదు. మరోవైపు, కపెర్నహూము సమాజమందిరంలో అపవిత్రాత్మ పట్టినవాడు ‘‘నీవెవడవో నాకు తెలియును, నీవు దేవుని పరిశుద్ధుడవు’’ అని కేకలు వేశాడు. ఆ ఆత్మకు ఉన్న సమాచారంలో ఒక్క అక్షరమూ తప్పు లేదు. దాని వల్ల దానికి జీవం రాలేదు. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చదివి వినిపించండి. అనువాదకులు ప్రతిచోటా ఈ తేడా పాటించారని మాత్రం అనలేం. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో దయ్యమే ‘‘యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును’’ అంటుంది. కాబట్టి మాటను సందర్భంతో కలిపి చదవాలి.

ఈ వచనానికి సందర్భం ఏమిటంటే, యేసు పట్టుబడబోయే రాత్రి తండ్రితో చేస్తున్న ప్రార్థన ఇది. అంతకుముందు 10వ అధ్యాయంలో ఆయనే చెప్పాడు: తండ్రి నన్ను ఎరిగినట్టు, నేను తండ్రిని ఎరిగినట్టు, నా గొర్రెలను నేను ఎరుగుదును, అవి నన్ను ఎరుగును అని. మీ ప్రాంతపు పిల్లలకు ఇది వివరించడం తేలిక. నెల్లూరు జాతిలో జోడిపి గొర్రె ఒళ్లంతా తెలుపు, కళ్ల చుట్టూ మూతి మీద నల్లని మచ్చలు. రోడ్డు మీద బస్సు ఆగి మంద దాటేదాకా చూసినా మనకు అన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. మంద వెంట తిరిగేవాడికి ఏది దేని పిల్లో, ఏది కుంటుతోందో, ఏది నిన్నటి నుంచి మేత ముట్టలేదో వెతక్కుండానే కనబడుతుంది. అతని కూత వింటే అవీ తల తిప్పుతాయి. ‘ఎరుగుదును’ అంటే అదీ.

మీ జిల్లా చరిత్రలోనూ దీనికి నిదర్శనం ఉంది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం పనిని ఒప్పుకొని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అన్నం కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో చాలామంది అక్షరం ముఖం చూడనివారు. బైబిలు ఎంత తెలుసో చెప్పమంటే వారిలో ఎందరు నిలిచేవారు? వారిని ఆ నీటిలోకి దింపింది ఎరుకే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ పాపకు జవాబు నిజానికి ‘ఎరుగుటయే’లోని చివరి ఏకారంలో ఉంది. ‘ఎరిగితే నిత్యజీవం దొరుకుతుంది’ అనలేదు. పరీక్ష పాసైతే సర్టిఫికెట్ ఇచ్చినట్టు, ముందు తెలుసుకో, తరువాత జీవం పట్టుకెళ్లు అన్న బేరం అందులో లేదు. ఎరగడమే జీవం. దేవునితో కలిసి నడవడం ఎప్పుడు మొదలైతే అప్పుడే అదీ మొదలు. 5వ అధ్యాయంలో విశ్వాసముంచినవాణ్ణి ‘‘నిత్యజీవము గలవాడు’’ అన్నారు, ‘పొందబోవువాడు’ అనలేదు. కనుక పాపతో ఇలా అనండి: ‘‘దేవుడున్నాడని నీకు తెలుసు, మంచిదమ్మా. ఆయనతో మాట్లాడుతున్నావా? భయం వేస్తే ఆయన దగ్గరికి వెళుతున్నావా? తప్పు చేస్తే ఆయనకు చెప్పుకుంటున్నావా? అలా చేస్తుంటే నువ్వు ఆయనను ఎరుగుదువు.’’ ఈ మాత్రం చెబితే చాలు, మిగతాది ఆ పసిమనసుకే అందుతుంది.

‘పొందు’ విషయం. ‘‘నాకైతే దేవుని పొందు ధన్యకరము’’ అన్న మాటలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పొందు అంటే చేరిక, చెలిమి. ‘పొందిక’ దాని చుట్టమే. ఈ మధ్య వాడుకలో దాని అర్థం స్త్రీపురుషుల కలయికకు కుదించుకుపోయింది, అంతే. వివరించేటప్పుడు ‘సాన్నిహిత్యం’ అనండి, చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టే చదవండి. సాన్నిహిత్యం దగ్గరగా ఉండటాన్ని చెబుతుంది. పొందులో ఒకరితో ఒకరు కలిసిపోవడం ఉంది. కీర్తనకారుడు కోరుకున్నది ఈ రెండోదే.

కంఠస్థం చేసే వచనంలో ‘ఎరుగుటయే’ అన్నదాన్ని మార్చకండి. పిల్లలు సొంతంగా రాసేటప్పుడు ‘ఎరుగుతున్నాను’ అని రాస్తుంటారు, అది దిద్దండి. నేను ఎరుగుదును, మేము ఎరుగుదుము, నీవు ఎరుగుదువు, ఆయన ఎరుగును. కాదనడానికి ఎరుగను, లేదా ఎరగను. పాత ముద్రణల్లో ఇది బండి ఱతో ‘ఎఱుగు’ అని కనిపిస్తుంది. ఇప్పుడు మామూలు రకారంతో రాస్తే తప్పు లేదు.