డిజైన్ హెడ్‌ను పెట్టుకుంటే సంస్థలో గందరగోళం తగ్గుతుందా?

కరీంనగర్‌లో మీ సంస్థ ఒక్క దుకాణం నుంచి ఏడు శాఖలకు పెరిగింది, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, ఎవరి పని ఎక్కడ ఆగుతోందో తెలియడం లేదు, ఇప్పుడు యజమాని డిజైన్ హెడ్‌ను తెస్తానంటున్నారు. బొమ్మలు గీసే మనిషి ఈ చిక్కులు ఎలా విప్పుతాడని అడిగారు. విప్పగలడు. అయితే నిర్ణయాలు అయిపోయాక పిలిస్తే అతని వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు (డర్రీలు) నేయించే ఒక సంస్థలో నేను డిజైన్ బాధ్యత చూస్తున్నాను. మా అనుభవం చెబుతాను.

ఒకప్పుడు టోకు వ్యాపారి ఒకే కొలత, ఒకే రంగు వందల్లో అడిగేవాడు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి బిల్లుల పద్ధతి మారింది. 2018లో వరంగల్ డర్రీలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) దక్కింది, దాంతో పాటు నమోదు పనులూ వచ్చాయి. ఆపైన ఆన్‌లైన్ అమ్మకాలు: ఈ రంగు పది, ఆ రంగు ఆరు. అద్దకం చిన్న చిన్న లాట్లుగా చీలిపోయింది, ఒక లాటు ఎరుపు ఇంకో లాటుతో కలవడం మానేసింది. తిరిగొచ్చిన సరుకుకు ఆఫీసు అద్దకం వాళ్లను అంటే, వాళ్లు మగ్గం వైపు చూపేవారు, మగ్గం వాళ్లు ఆఫీసును అనేవారు.

నేను మొదట చేసినది తప్పు. పని మొత్తం బాణాలతో పెద్ద పటం గీసి మీటింగులో పెట్టాను. అందరూ బాగుందన్నారు. మర్నాడు ఏదీ మారలేదు. అప్పుడు ఒక్క ఆర్డరు పట్టుకుని దాని వెంటే నడిచాను, ఆఫీసు నుంచి అద్దకానికి, అక్కడి నుంచి నూలు కండెలు చుట్టే ఇంటికి, ఆపైన మగ్గానికి. ఆరు రోజులు పట్టింది.

చివరి రోజు మగ్గం మీదున్న పెద్దాయన నా ఫోను, తన ఫోను, పక్క మగ్గం అబ్బాయి ఫోను తీసుకుని, సగం నేసిన జంపఖానా మీద వరుసగా పెట్టారు. మూడింటిలోనూ ఆఫీసు పంపిన ఒకే ఫొటో. ఒకదానిలో ఇటుక రంగు, ఒకదానిలో కుంకుమ, మూడోదానిలో దాదాపు గులాబీ. “బిడ్డా, ఇందులో ఏ ఎరుపు నేయమంటావు?” అన్నారు. ఆఫీసులో నెలల తరబడి ఎవరికీ తోచని ప్రశ్న అది.

ఆ వారమే ఫొటోలు ఆపేశాం. అట్ట ముక్కకు రంధ్రాలు చేసి, అద్దిన నూలు పోగులనే ముడివేసి, వెనుక నంబరు రాశాం. ప్రతి ఆర్డరుకు ఒకే రకం అట్టలు మూడు: ఆఫీసుకు, అద్దకానికి, మగ్గానికి. మొదట రెండు మగ్గాల మీదే చూశాం. చిక్కు సమస్యల్లో ప్రతి ప్రయత్నమూ వెనక్కి తీసుకోలేని జాడ వదులుతుందని 1973లో డిజైన్, ప్రణాళికా రంగాల ఆచార్యులు హార్స్ట్ రిట్టెల్, మెల్విన్ వెబర్ రాశారు. కొత్తవాడలో ఆ జాడ నేతన్న కూలీ మీద పడుతుంది, అందుకే చిన్నగా మొదలుపెట్టాం. రెండో వారంలో మగ్గం వాళ్లే అట్ట మీద వెడల్పు, చారల వరుస కూడా రాయమన్నారు. నాకు ఆ ఆలోచన రాలేదు.

అసలు నాయకత్వం అవసరమైంది ఇక్కడ. నేతకు కూలీ ముక్క లెక్కన ఉంటుంది. నమూనా నేస్తే ఆ రోజు కూలీ పోయినట్టే. అలాంటప్పుడు “కొత్తది ప్రయత్నించండి” అని ఎవరినైనా ఎలా అడుగుతాం? నమూనా రోజులకు రోజు కూలీ ఇవ్వాలని యజమానితో మూడుసార్లు మాట్లాడాను. మూడోసారి ఆర్డర్లు తిరిగొచ్చిన ఖర్చు లెక్క పక్కన పెట్టి మాట్లాడాకే ఒప్పుకున్నారు. ఆ ఒక్క నిర్ణయం నా గీతలన్నిటికంటే ఎక్కువ పని చేసింది. మరొకటి, రంగులను పన్నెండుకు కుదించాం. అమ్మకాల వాళ్లకు నచ్చలేదు. నాకు ప్రాణమైన నమూనాలు కొన్ని నేనే పక్కన పెట్టాను, అవి మిగిలి ఉంటే వాళ్లకు వద్దని చెప్పే హక్కు నాకు ఉండేది కాదు.

అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబును మెచ్చుకున్నారు. దాన్ని ఏ ఒక్కరూ రూపొందించలేదని, తరతరాల చేతులు దిద్దాయని వాళ్ల మాట. అహ్మదాబాద్‌లో 1961లో వచ్చిన జాతీయ డిజైన్ సంస్థకు ఆ నివేదికే పునాది. మా రంగుల అట్టను చూసినప్పుడల్లా నాకు ఆ చెంబు గుర్తొస్తుంది.

దీనితో అన్నీ తీరవు. నేత ఇళ్ల పిల్లలు హైదరాబాద్‌లో వేరే పనులు వెతుక్కుంటున్నారు, దాన్ని ఏ అట్టా ఆపదు. అలాంటివి కూడా డిజైన్ సరిచేస్తుందని ఎవరైనా మీ యజమానికి చెబితే నమ్మవద్దనండి.

వచ్చే మనిషిని తీసుకునే ముందు రెండు సంగతులు తేల్చుకోండి: కొనుగోళ్లు, సాఫ్ట్‌వేర్ లాంటి నిర్ణయాలకు ముందే అతన్ని పిలుస్తారా? ప్రయోగానికి పోయే సమయానికి సిబ్బంది జీతంలోనో కమిషన్‌లోనో కోత పడకుండా చూసే అధికారం అతనికి ఉంటుందా? రెండింటికీ అవును అనిపిస్తే తీసుకోండి. మొదటి నెల అతని కుర్చీ మాత్రం ప్రధాన కార్యాలయంలో వేయకండి, ఎక్కువ ఫిర్యాదులు వచ్చే శాఖలో, బిల్లు కౌంటర్ పక్కన వేయించండి.