చెల్లి చేరబోయే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి విదేశీ ఆడిట్ సర్టిఫికెట్ ఉందట, నమ్మొచ్చా?

నమ్మొద్దు అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు గానీ, ఎందుకో చెబితే మీ చెల్లికి పనికొస్తుంది. ఆడిట్ అంటే, బట్టలు కొనే విదేశీ కంపెనీల (బయ్యర్ల) కోసం ఫ్యాక్టరీలో పని పరిస్థితులు ఎలా ఉన్నాయో చూసే తనిఖీ. మాది హిందూపురం దగ్గర ఊరు. బెంగళూరులో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో ఆరేళ్లు పనిచేశాను. అటెండెన్స్, ఓటీ (ఓవర్‌టైమ్), జీతాల లెక్కలు మా టేబుల్ మీదే. ఆడిట్ వాళ్లకి చూపించే రిజిస్టర్ రాసిన చేతుల్లో నావీ ఉన్నాయి.

ఆడిట్ వస్తోందని మాకు వారం ముందే తెలిసిపోయేది. పనిచేసే తల్లుల పిల్లల కోసమని పెట్టి, ఏడాదంతా తాళం వేసి ఉంచే పిల్లల గది తెరిచి కొత్త బొమ్మలు పెట్టేవాళ్లు. ఆ ఒక్కరోజుకి పిల్లల్ని తెచ్చుకోమని నలుగురు ఆడవాళ్లకి చెప్పేవాళ్లు. ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా పేర్చిన అట్టపెట్టెలు మాయం. సూపర్‌వైజర్ లైను లైనుకీ తిరిగి "ఆదివారం పనుంటుందా అంటే లేదనాలి" అని పాఠం చెప్పేవాడు. ఒకసారి మడకశిర వైపు ఆవిడ ఒకరు ఆడిటర్ ఎదుట నిలబడగానే "ఆదివారం పని లేదు సార్" అనేసింది. ఆయన అడిగింది ఆవిడ పేరు! ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది.

నిజమైన దోపిడీ ఆడిటర్ కంటికి కనపడేది కాదు. కరెంటు పోయినా, బట్ట రాకపోయినా "ఇవాళ సెలవు, వెళ్లిపోండి" అనేవాళ్లు. దానికి బదులుగా ఆదివారం రప్పించేవాళ్లు, ఓటీ లేకుండా. చట్ట ప్రకారం ఓటీకి రెట్టింపు కూలి ఇవ్వాలి. మా దగ్గర ఎనిమిదింటి దాకా కుట్టినా పంచింగ్ ఆరింటికే పడేది. గ్రాట్యుటీకి, అంటే ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే డబ్బుకి, మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి కదా, నాలుగేళ్లు దాటినవాళ్ల చేత రాజీనామా రాయించి, కొత్త టోకెన్ నంబరుతో మళ్లీ చేర్చుకునేవాళ్లు. ఆ కాగితాలు టైప్ చేసింది నేనే.

తప్పంతా ఫ్యాక్టరీదే అని కూడా అనలేను. పీసుకి రేటు తగ్గించేది బయ్యరే, షిప్‌మెంట్ తేదీ ముందుకి జరిపేదీ బయ్యరే. వాళ్లు పంపిన ఆడిటరే వచ్చి "ఓటీ ఎందుకు చేయిస్తున్నారు?" అని అడుగుతాడు. ఆ ఆడిట్ ఫీజు కూడా చాలాసార్లు ఫ్యాక్టరీయే కడుతుంది.

ఇది మా ఒక్క చోటి కథ కాదు. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 అనే, పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చి నెల కూడా తిరక్కుండానే, 2012 సెప్టెంబరు 11న మంటల్లో 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకి ఊచలు, తలుపులకి తాళాలు. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర గార్మెంట్స్ ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది పోయారు. గోడలు పగిలాయని ముందురోజే అందరికీ తెలుసు, అయినా జీతం కోస్తామని బెదిరించి లోపలికి పంపారు. ఆ తర్వాత వచ్చిన బంగ్లాదేశ్ అకార్డ్ వేరే రకం. బ్రాండ్లూ యూనియన్లూ కలిసి సంతకం చేసిన, చట్టపరంగా కట్టుబడాల్సిన ఒప్పందం అది. తనిఖీ రిపోర్టులు అందరూ చూడొచ్చు, బాగుచేయని ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపాలి. మన పక్కనే తమిళనాడులో, తోటి కార్మికురాలి హత్య తర్వాత, దళిత ఆడవాళ్లు ముందుండి నడిపే యూనియన్ పోరాడి 2022లో దిండిగల్ ఒప్పందం తెచ్చుకుంది. వేధింపుల మీద నిఘా పెట్టేది అక్కడ బయటినుంచి వచ్చే ఆడిటర్ కాదు, ఫ్లోర్ మీది ఆడవాళ్లే.

బెంగళూరులో నా కళ్ల ముందు జరిగింది ఒకటుంది. యజమాని వాటా పీఎఫ్ 58 ఏళ్ల దాకా తీసుకోకూడదని కేంద్రం రూల్ పెడితే, 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో గార్మెంట్స్ ఆడవాళ్లు వేలమంది రోడ్డెక్కారు. హోసూరు రోడ్డు, తుమకూరు రోడ్డు ఆగిపోయాయి. రెండో రోజే అప్పటి కార్మిక మంత్రి, మన బండారు దత్తాత్రేయ, ఆ రూల్ రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. మా ఫ్లోర్ మీద టార్గెట్ గురించి ఎవరూ అరవని రోజులు నాకు గుర్తున్నంతవరకు ఆ రెండే.

మీ చెల్లి చేరితే అపాయింట్‌మెంట్ లెటర్, ప్రతి నెలా పేస్లిప్ అడిగి తీసుకోమనండి, వాటికి ఫోటోలు తీసి పెట్టుకోమనండి. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా చూసుకోవాలి. మా దగ్గర జీతంలో కోసి, నెలల తరబడి కట్టని రోజులున్నాయి. వచ్చిన టైము, వెళ్లిన టైము సొంత చిన్న పుస్తకంలో రాసుకోవాలి. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయాల్సి వస్తే కంపెనీ రిజిస్టర్ మీద నోరెత్తగలిగేది ఆ పుస్తకమే. తెల్ల కాగితం మీద, ఖాళీ రాజీనామా ఫారం మీద సంతకం పెట్టొద్దు.

చేరేముందు మీరొకసారి మామూలు రోజు సాయంత్రం ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లండి. బయటికి వచ్చే ఆడవాళ్లని జీతం గురించి అడగొద్దు, భయపడతారు. "పిల్లల గది ఉందా అక్కా, ఇవాళ ఎంతమంది పిల్లలున్నారు?" అని అడగండి.