ఓపెన్ ట్రైలర్ మీద బండి కట్టడం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. మాది మిర్యాలగూడ. మా చిన్నోడు అమెరికాలో, మిన్నియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ చలికాలం వాడూ వాడి దోస్తూ కలిసి పాతవి రెండు స్నోమొబైల్స్ కొన్నారట, మంచు మీద నడిచే బండ్లు. వాటిని ఓపెన్ ట్రైలర్ మీద ఎక్కించి, కారుకు తగిలించుకొని డులూత్ తీసుకెళ్తామంటున్నాడు. వీడియో కాల్‌లో ఆ ట్రైలర్ చూపించాడు. చుట్టూ డోర్లు లేవు, చక్రాల మీద ఉత్త పలక. చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఎట్లా కట్టాలో వాడికి చదివి వినిపించేటట్టు రాయండి.

జవాబు: అన్నా, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. మన దగ్గర డీసీఎంకైనా ట్రాక్టర్ ట్రాలీకైనా చుట్టూ డోర్లు ఉంటాయి, తాడు కాస్త వదులైనా సామాను వాటికి ఆనుకొని ఆగుతుంది. మీ వాడి ట్రైలర్‌కు ఆ ఆసరా లేదు, కట్టు ఒక్కటే దిక్కు. కానీ మీరు మిర్యాలగూడ వాళ్లు కాబట్టి ఇందులో సగం మీరు చూసిందే. రైస్ మిల్లు దగ్గర లారీ నిండాక హమాలీలు మోకు ఊరికే అటు నుంచి ఇటు పడేసి వదిలెయ్యరు, ఇద్దరు ముగ్గురు వేలాడినట్టు కిందికి గుంజి, బస్తాలు అణిగేదాకా బిగించి అప్పుడు కొక్కేనికి చుడతారు. లోడు బండికి అతుక్కుపోవాలి. లారీ ఊగితే బస్తాలు దాంతోపాటే ఊగాలి తప్ప దాని మీద విడిగా ఊగకూడదు. స్నోమొబైల్‌కు కూడా ఇదే సూత్రం, కాకపోతే దానికి స్ప్రింగులుంటాయి, అవే అసలు చిక్కు.

ఆ బండికి ముందు చక్రాల స్థానంలో రెండు స్కీలు, అంటే మంచు మీద జారే పొడవాటి పట్టీలు, వెనక రబ్బరు ట్రాక్ ఉంటాయి. బరువు సుమారు 200 నుంచి 300 కిలోలు, అంటే మన బుల్లెట్ కంటే ఎక్కువే. ముందూ వెనకా సస్పెన్షన్ ఉంటుంది కాబట్టి గతుకు వచ్చినప్పుడల్లా బండి కిందికి దిగి పైకి లేస్తుంది. దిగిన క్షణంలో కట్టిన బెల్ట్ వదులవుతుంది, దాని కొక్కేనికి జారకుండా ఆపే నాలుక లేకపోతే అప్పుడే జారి ఊడిపోతుంది. అందుకే కట్టేటప్పుడు సస్పెన్షన్‌ను కొంచెం కిందికి నొక్కి పట్టి కట్టాలి. బెల్ట్ ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, వదులయ్యే సందు ఉండదు. మొత్తం చదునయ్యేటట్టు మాత్రం నొక్కొద్దు. ఊరు చేరాక విప్పెయ్యాలి, నెలల తరబడి నొక్కిపెట్టి ఉంచితే స్ప్రింగులకు మంచిది కాదు.

ముందు వైపు స్కీల మీద అడ్డంగా ఒక బార్ వేసి, దాన్ని ట్రైలర్ పలకకు బోల్టుతో బిగిస్తారు. ఆ బార్ ఉంటే మంచిదే, అయితే అదొక్కటి చాలదు. చాలామంది అక్కడే ఆగిపోతారు, ముందు గట్టిగా ఉంది కదా అని వెనక వదిలేస్తారు. ముందు మాత్రమే కడితే వెనక భాగం ఎగురుతుంది, మలుపులో పక్కకు జరుగుతుంది. వెనక బంపర్ నుంచి ట్రైలర్ రింగులకు రెండు రాట్చెట్ బెల్టులు (పిడి ఆడించి బిగించే పట్టాలు), ఒకటి ఎడమకు, ఒకటి కుడికి, ఏటవాలుగా వెయ్యమనండి. నిట్టనిలువుగా కడితే కిందికి నొక్కుతుంది గానీ ముందుకూ పక్కకూ జరగకుండా ఆపదు. బెల్ట్ హ్యాండిల్‌కు, ప్లాస్టిక్ ప్యానెళ్లకు, సీటుకు వెయ్యొద్దు, ఇనుప ఫ్రేముకే వెయ్యాలి.

బెల్టు ఎంత బలమైంది కావాలో లెక్క చెప్తాను. ప్రతి రాట్చెట్ బెల్ట్ మీద లేబుల్ ఉంటుంది. దాని మీద రెండు అంకెలుంటాయి. ఎంత బరువుకు తెగుతుందనేది ఒకటి, ఎంతవరకు వాడొచ్చనేది రెండోది. రెండోది మొదటిదాంట్లో మూడో వంతు ఉంటుంది. కొట్టువాళ్లు పెద్ద అంకె చూపిస్తారు, మనం నమ్మాల్సింది చిన్న అంకెను. 1500 కిలోలకు తెగే బెల్ట్ అంటే 500 కిలోలకే వాడాలి. అమెరికాలో సరుకు లారీలకు ఒక రూల్ ఉంది: ముందుకు వెళ్తూ బ్రేక్ కొట్టినప్పుడు లోడు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు తోసుకొచ్చినా, 50 శాతం బలంతో పక్కకు తోసుకొచ్చినా కట్టు ఆగాలి. 250 కిలోల బండికి అది ముందుకు 200 కిలోల తోపు. సొంత ట్రైలర్ కదా, ఈ లెక్క మనకెందుకని మీ వాడు అనొచ్చు. రోడ్డు మీద వెనక వచ్చే కారులో ఉన్నవాళ్లకు అది సొంతానిదా కిరాయిదా అనే తేడా ఏముంటుంది?

ఎక్కించే ముందే ట్రైలర్‌ను కారుకు తగిలించాలి. విడిగా నిలబెట్టిన ట్రైలర్ మీదికి వెనక నుంచి బండి ఎక్కిస్తే ముందు కొస గాలిలోకి లేస్తుంది. ఎక్కించేటప్పుడు ఎదురుగా ఎవరూ నిలబడొద్దు. పలక మీద మంచు గడ్డకట్టి ఉంటే ముందే గీకెయ్యాలి, బండి మీద పేరుకున్న మంచు గడ్డలను కూడా రాల్చాలి, లేకపోతే దారిలో ఎగిరి వెనక కారు అద్దానికి తగులుతాయి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు హుక్కు మీద పడేటట్టు బండ్లను ముందుకూ వెనక్కూ సర్దాలి. బరువు వెనక్కి పోతే వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది, అప్పుడు డ్రైవరు చేతిలో ఏమీ ఉండదు. ఒక్క బండే తీసుకెళ్తే నడిమధ్యలో పెట్టాలి, ఓ పక్కకు కాదు. ట్రైలర్ ముందు కొస కింద రెండు గొలుసులుంటాయి, వాటిని ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దాటించి తగిలించాలి. హుక్కు ఊడినా ఆ కొస రోడ్డుకు గుచ్చుకోకుండా గొలుసుల మీద ఆగుతుంది. బండి ఎక్కించడానికి పలక కిందికి వాలే రకం ట్రైలరైతే, బయల్దేరే ముందు దాన్ని పట్టి ఉంచే పిన్ను పడిందో లేదో చేత్తో లాగి చూడాలి.

ఇంకో మాట, చలి టైర్ల గాలిని కూడా తగ్గిస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే దాదాపు 2 పీఎస్ఐ పోతుంది, ఇంటి గ్యారేజీలో కొట్టిన గాలి బయట మైనస్‌లోకి వెళ్లాక అంతే ఉండదు. ట్రైలర్ లైట్ల వైరు గుచ్చాక బ్రేకు లైటు, ఇండికేటర్లు ఒకరు నొక్కి ఒకరు చూడాలి. అక్కడి రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బండి మీద పడకుండా కవర్ వేస్తే మంచిదే. కాకపోతే ఒంటికి పట్టినట్టుండే కవర్ కావాలి. వదులు కవర్ గాలికి కొట్టుకొని అద్దాన్ని గీకేస్తుంది, చివరకు చినిగి ఎగిరిపోతుంది.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇది. మిన్నియాపొలిస్ నుంచి డులూత్ సుమారు 250 కిలోమీటర్లు, ఇంచుమించు మన హైదరాబాద్ నుంచి విజయవాడ. బయల్దేరిన 15, 20 కిలోమీటర్లకే ఒకసారి పక్కకు ఆపి ప్రతి బెల్టునూ చేత్తో లాగి చూడమనండి. బండి సర్దుకుంటుంది, బెల్ట్ సాగుతుంది, ఇంటి ముందు రాయిలా ఉన్న కట్టు అప్పటికి కొంత వదులయ్యే ఉంటుంది. అక్కడి లారీ డ్రైవర్లకు మొదటి 80 కిలోమీటర్లలోపు ఒకసారి లోడు చూసుకోవాలనే నిబంధన ఉంది. మీ వాడు ఆగి, బిగించి, మీకు ఒక ఫోటో పంపితే మీ టెన్షనూ తగ్గుతుంది. అడగండి, తప్పేం లేదు.

ప్రశ్న: అన్నా, మాది జడ్చర్ల. మా తమ్ముడి బుల్లెట్‌ను బొలెరో పికప్‌లో బెంగళూరు పంపాలి. సైడ్ స్టాండ్ వేసి తాడు కడితే చాలని డ్రైవరు అంటున్నాడు. సరిపోతుందా?

జవాబు: సరిపోదు తమ్మీ. సైడ్ స్టాండ్ మీద ఉంటే బండి ఒకవైపు వాలి ఉంటుంది, గతుకు పడినప్పుడల్లా ఆ బరువంతా స్టాండ్ మీదే పడి అది వంగుతుంది. బండిని నిటారుగా నిలబెట్టి, ముందు చక్రాన్ని కేబిన్ వైపు గోడకు ఆనించండి. హ్యాండిల్ కింద రెండు ఫోర్కులూ కలిసే గట్టి చోట ఎడమ కుడి రెండు బెల్టులు వేసి, ముందుకు, కిందికి లాగి ఫోర్కులు సగం దాకా దిగేటట్టు బిగించండి. ఒకవైపే పూర్తిగా బిగించకుండా, అటు కొంచెం ఇటు కొంచెం లాగుతూ రావాలి. వెనక చక్రం దగ్గర ఇంకో రెండు, పక్కకు జరగకుండా. చక్రానికి చెక్క అడ్డం పెట్టి గేరులో వదలండి. అద్దాలు విప్పి సీటు కవర్లో చుట్టుకోండి, పెట్రోల్ నాబ్ ఉన్న పాత బండైతే మూసెయ్యండి. బెల్ట్ పెయింటుకు రాసుకునే చోట పాత లుంగీ గుడ్డ మడిచి పెట్టండి. వెనక డోరు మూసుకునేటట్టే పెట్టాలి, ఏదీ బయటికి పొడుచుకు రావొద్దు. 2019లో చట్టం మార్చాక లోడు బాడీ దాటి బయటికి వస్తే జరిమానా 20,000 రూపాయలు. డ్రైవరు వద్దన్నా నాలుగు బెల్టులు మీరే కొని పెట్టండి, బండి మీది.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. పవర్ టిల్లర్‌ను కిరాయి ట్రాలీ ఆటోలో తీసుకెళ్తుంటాం. నైలాన్ తాడు ఇంట్లోనే ఉంది, మళ్లీ బెల్టులు కొనాలా?

జవాబు: కొనండమ్మా. నైలాన్ తాడు తెగకపోవచ్చు, కానీ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. కొన్నేళ్ల కింద నేను ఇట్లాంటి తాడుతోనే బోరు మోటారు కట్టించి నల్లగొండ నుంచి తెస్తుంటే, స్పీడ్ బ్రేకర్ దగ్గర మోటారు జారి వెనక డోరును తన్నుకొని రోడ్డు మీద పడింది. వెనక ఒక బైకు మీద భార్యాభర్తలు, మధ్యలో చిన్నపాప. ఆయన పక్కకు తిప్పుకున్నాడు కాబట్టి బతికిపోయారు. ఆ పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి తాడుతో ఏ మిషనూ కట్టలేదు. టిల్లర్ హ్యాండిళ్లకు కాకుండా కింద ఇంజన్ కూర్చునే ఛాసిస్‌కు బెల్ట్ వెయ్యండి, బ్లేడు పదును తగిలే చోట పాత పైపు ముక్క చీల్చి తొడగండి. చీలిక పడ్డ బెల్టును ముడేసి మళ్లీ వాడొద్దు, ఎండలో షెడ్డు మీద పడేసిన బెల్టునూ నమ్మొద్దు. మిగిలిన కొస గాలికి కొట్టుకోకుండా బెల్టుకే చుట్టి కట్టెయ్యండి. మనుషులు మాత్రం టిల్లర్ పక్కన కూర్చోకుండా వెనక బస్సులో రండి.