కొత్త ముఖం కాదు, అడిగేదేమిటో చూడాలి

ప్రశ్న: నా వయసు ముప్పై ఆరు. చిన్నప్పటి నుంచి కొత్తవాళ్లంటే బెరుకు. నా భర్త నాకు పూర్తిగా విరుద్ధం. ముక్కూ మొహం తెలియని వాళ్లతో కూడా ఇట్టే మాట కలుపుతారు. రైలు దిగేలోపు ఎదుటి సీటాయనకు మా జీతాలు, ఇంటి అప్పు, పాప చదివే బడి, నా ఆరోగ్య సమస్యలు అన్నీ తెలిసిపోతాయి. నాతో మాత్రం అంత మాట్లాడరనుకోండి. మా పాపకు ఏడేళ్లు. తెలియని వాళ్లతో మాట్లాడవద్దని ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పాను. నెల క్రితం రైల్వే స్టేషన్లో, జనంలో పాప చెయ్యి జారిపోయింది. ఇరవై నిమిషాలు వెతికాక ఒక స్తంభం పక్కన నిలబడి కనిపించింది. యూనిఫారంలో ఉన్న ఉద్యోగిని ఒకామె పేరడిగినా, ఫోను నంబరడిగినా నోరు విప్పలేదట. ‘అమ్మ మాట్లాడవద్దంది’ అని తర్వాత నాతో చెప్పింది. ‘నీ భయం పిల్లకు అంటించావు’ అని మా వారు, ‘మీ నోటి వల్ల ఏదో ఒక రోజు మన కొంప మునుగుతుంది’ అని నేను. అప్పటి నుంచి మా మధ్య మాటలు సరిగా లేవు. ఎవరిది తప్పు? పాపకు ఏమని నేర్పాలి?

– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాప సంగతి చూద్దాం. ఎవరిది తప్పన్నది తర్వాత తేల్చవచ్చు. ఆ రోజు నోరు విప్పనందుకు పాపను ఇంట్లో ఎవరైనా మందలించి ఉంటే, ఇవాళే ఆ మాట వెనక్కి తీసుకోండి. భయంతో గొంతు పూడుకుపోయిన సమయంలో కూడా తను అమ్మ మాట జవదాటలేదు. పైగా అటూ ఇటూ పరుగెత్తకుండా ఒకచోట నిలబడింది. తప్పిపోయిన పిల్లలు చేయవలసిన మొదటి పని అదే. ఆ సంగతి చెప్పి మెచ్చుకోండి.

తప్పు మీరు నేర్పిన నియమంలో ఉంది. ‘తెలియని వాళ్లతో మాట్లాడవద్దు’ అనడం తేలిక, దాని ప్రకారం ఒక్క రోజు గడపడం ఎవరి తరమూ కాదు. పాప రోజూ చూస్తున్నదేమిటి? మీరు టికెట్ కౌంటర్లో తెలియని మనిషితో మాట్లాడతారు. దారి తెలియకపోతే ఎవరినో ఆపి అడుగుతారు. మొదటిసారి చూసే డాక్టరు ముందు కూర్చోబెట్టి ‘నోరు తెరువు’ అంటారు. ఇక నాన్న సంగతి సరే సరి. ఈ గందరగోళంలోంచి పిల్లలు తమకు తోచిన అర్థం తీసుకుంటారు. తెలియని మనిషి ఎలా ఉంటాడో బొమ్మ వేయమని పాపకు ఒక కాగితం ఇచ్చి చూడండి. ఈ వయసు పిల్లలు చాలామంది వేసేది ఎర్రటి కళ్లు, మాసిన గడ్డం, భుజాన సంచి ఉన్న భూతాన్ని. నవ్వుతూ వచ్చి, పేరు చెప్పి, ఫోనులో కుక్కపిల్ల ఫొటో చూపించే మనిషి ఆ బొమ్మలో ఇమడడు. రెండు నిమిషాలు మాట్లాడాక అతను పాప లెక్కలో తెలిసిన అంకులే. అంటే మీ నియమం సాయం చేయడానికి వచ్చిన ఉద్యోగినిని దూరం పెట్టగలిగింది గానీ, నిజంగా దురుద్దేశంతో వచ్చేవాణ్ని ఆపే శక్తి దానికి లేదు.

ఇంకో సంగతి చెప్పడం కష్టంగానే ఉంది గానీ దాటవేయలేను. పిల్లలపై లైంగిక వేధింపులకు పాల్పడేవాళ్లలో ఎక్కువ మంది ఆ పిల్లలకు ముందే తెలిసినవాళ్లు: బంధువులు, ఇంటికి వచ్చిపోయేవాళ్లు, మనం నమ్మి అప్పగించినవాళ్లు. దేశదేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ దాదాపు ఇదే చెబుతున్నాయి. జాగ్రత్తనంతా తెలియని ముఖాల మీదే ఖర్చు పెట్టేస్తే, తెలిసిన ముఖాల దగ్గర పాప చేతిలో ఏమీ మిగలదు.

కాబట్టి మనిషి కొత్తవాడా పాతవాడా అన్న ప్రశ్న వదిలేసి, ఆ మనిషి ఏమి అడుగుతున్నాడో చూడడం నేర్పండి. అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడు ఎవరు పలకరించినా జవాబు చెప్పవచ్చు, ఇష్టం లేకపోతే ఊరుకోవచ్చు. ‘నాతో రా’ అంటే మాత్రం, పిలిచింది సొంత మామయ్యే అయినా, ఇంట్లో ముందుగా చెప్పి ఉండకపోతే కదలకూడదు. ‘ఈ సంగతి అమ్మకు చెప్పకు’ అని పెద్దవాళ్లెవరైనా అంటే ఆ సంగతే మొదట అమ్మకు చెప్పాలి. సాయం కావలసిన పెద్దలు పెద్దలనే అడుగుతారు. చిన్నపిల్లను పట్టుకుని ‘మా కుక్కపిల్ల తప్పిపోయింది, వెతికిపెడతావా’ అన్నారంటే అక్కడి నుంచి వెళ్లిపోవలసిందే. వీటితో పాటు మీరు పాటించవలసినది ఒకటుంది. చుట్టాలు వచ్చినప్పుడు ‘ముద్దివ్వు, ఒళ్లో కూర్చో’ అని బలవంతపెట్టకండి. ‘వద్దు’ అన్న మాట ఇంట్లో చెల్లని పిల్లకు బయట ఆ మాట నోటికి రాదు.

తప్పిపోతే ఏం చేయాలన్నది మాటలతో నేర్పేది కాదు, చేయించాలి. ‘పోలీసుకు చెప్పు’ అంటే సరిపోదు, ఏడేళ్ల పిల్లకు యూనిఫారాలన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. ఈసారి జనం ఉన్నచోటికి వెళ్లినప్పుడు ఒక బల్ల మీద తీరిగ్గా కూర్చుని, ‘నువ్వు ఇప్పుడు తప్పిపోయావనుకో, వీళ్లలో ఎవరిని అడుగుతావు?’ అని అడగండి. పాప చుట్టూ చూసి, తనకిష్టమైన కార్టూన్ బొమ్మ చొక్కా మీద ఉందని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిలబడిన కుర్రాణ్ని చూపించవచ్చు. నవ్వకండి. ఎందుకని అడగండి. ఆ తర్వాత కౌంటరు వెనక పనిచేస్తున్న మనిషినో, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తున్న తల్లినో మీరు చూపించండి. చివరికి ఆ తల్లి దగ్గరికి పాపనే పంపి టైమెంతో అడిగి రమ్మనండి. మీరు నాలుగు అడుగుల దూరంలో నిలబడితే చాలు. దీనిలో ఒక కిటుకు ఉంది. పాప తానుగా ఎంచుకుని అడిగిన మనిషి చెడ్డవాడు కావడం చాలా అరుదు. పాపను ఎంచుకుని వచ్చే మనిషి విషయంలో ఆ భరోసా ఉండదు. మీ ఇద్దరి ఫోను నంబర్లలో ఒకటైనా పాపకు కంఠతా రావాలి. ఏదైనా పాట వరసలో నేర్పితే ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది.

ఇక మీ ఆయన విషయం. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది స్టేషన్ సంఘటన దగ్గర కాదు. ‘నాతో మాత్రం అంత మాట్లాడరనుకోండి’ అని ఒక మాట జారవిడిచి, వెంటనే పాప వయసులోకి వెళ్లిపోయారు. సగం గొడవ అక్కడే ఉందని నాకనిపిస్తోంది. ఆయన నోటి వల్ల ప్రమాదం వస్తుందన్న మీ భయం నిజమైనదే. దాని అడుగున, ఇంటి అప్పు గురించి ఆయన పడే దిగులు మీకన్నా ముందు రైలు పెట్టెలోని ఎవరికో తెలిసిందన్న బాధ కూడా ఉంది. భయం గురించి దెబ్బలాడుకోవడం తేలిక గనుక దాన్నే ముందుకు తెచ్చారు.

ఆయన చేస్తున్నది వింత పనేమీ కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త గియోర్గ్ జిమ్మెల్ 1908లోనే ఈ సంగతి గమనించి రాశాడు. దగ్గరివాళ్ల నుంచి జాగ్రత్తగా దాచే మాటలను మనుషులు బయటినుంచి వచ్చినవాడి దగ్గర విప్పి చెప్పేస్తారని. బయటివాడు మన గొడవల్లో ఎవరి పక్షమూ కాదు. రైల్లో అయితే ఇంకో సౌకర్యం, వాడు తన స్టేషన్ రాగానే దిగిపోతాడు. భార్యతో చెప్పిన దిగులు అలా దిగిపోదు. మర్నాడు ఉదయం కూడా ఇంట్లోనే ఉంటుంది, దానికి జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఆయన మీతో చెప్పకపోవడానికి ప్రేమ లేకపోవడమే కారణమని తీర్మానించుకోకండి. మీ ముఖంలో ఆందోళన చూడలేక కావచ్చు. చెప్పిన మరుక్షణం చీవాట్లు పడతాయనీ కావచ్చు. ఇది ఆయన్నే అడిగి తెలుసుకోండి. ‘ఊళ్లో వాళ్లందరికీ ఎందుకు చెబుతారు?’ అని మొదలుపెడితే మళ్లీ అదే రచ్చ. ‘అప్పు గురించి మీకంత బెంగ ఉందని నాకు రైల్లోనే తెలిసింది. నాతో చెబితే నేనేమంటానని అనుకున్నారు?’ అని అడగండి. అడిగాక ఆయన చెప్పేది పూర్తయ్యేవరకు సలహాలు, లెక్కలు, ‘నేను అప్పుడే చెప్పానుగా’లు వద్దు. ఒక్కసారి వినడానికి మనిషి దొరికితే, ఎదుటి సీటు కోసం ఆయన అంతగా ఎదురుచూడరు.

అయితే ఇంత అర్థం చేసుకున్నా, ఒక విషయంలో తప్పు ఆయనదే. తన జీతం, తన బెంగ ఎవరితో చెప్పుకుంటారో ఆయన ఇష్టం. మీ ఆరోగ్యం మీ సొంత విషయం, అది ఆయన పంచిపెట్టడానికి లేదు. పాప పేరు, బడి పేరు, బడి వదిలే వేళ ఈ మూడూ కలిసి ఒకరి చేతిలో పడితే ఏమవుతుందో ఆయనకు భయపెట్టకుండా, ఆవేశపడకుండా చెప్పండి. గేటు దగ్గర నిలబడి, పేరు పెట్టి పిలిచి, ‘మీ నాన్న పంపించారు’ అనేవాడికి ఇంతకన్నా కావలసిందేమీ లేదు. కలుపుగోలుతనం మానేయమని అడగకండి. మానలేరు, మానాల్సిన పనీ లేదు. రాజకీయాలు, క్రికెట్, ఎండలు, తన మోకాళ్ల నొప్పి దాకా ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. మీరూ పాపా ఆ కబుర్లలోకి రాకూడదు. (ఒక చిన్న అనుమానం. పక్క సీటు మనిషితో పెదవి విప్పని వాళ్లే, బడి పేరు కనిపించేలా యూనిఫారంలో ఉన్న పిల్ల ఫొటోను ఫోనులో వందల మందికి చూపిస్తుంటారు. మీ ఇంట్లో ఆ పని ఎవరైనా చేస్తున్నారేమో చూసుకోండి.)

‘నీ భయం పిల్లకు అంటించావు’ అన్న మాట గుచ్చుకుంది కదా? అది సగమే నిజం. ఎనిమిది నెలల వయసులో చాలామంది బిడ్డలు కొత్త ముఖం చూసి బెదురుతారు. ఆ తర్వాత చాలామందిలో ఆ బెదురు తగ్గుతుంది, కొందరిలో పుట్టుకతో వచ్చిన స్వభావంగా కొంత మిగులుతుంది. మీది అదే కావచ్చు, పాపదీ కావచ్చు. అందులో ఎవరి దోషమూ లేదు. ఇక మిగిలిన సగం. 1985లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, ఏడాది వయసు పిల్లలను గాజు పలక మీద పాకించారు. మధ్యలో కింద చిన్న గుంట ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడికి వచ్చి పిల్లలు ఆగి, అవతల నిలబడిన తల్లి ముఖంలోకి చూశారు. తల్లి నవ్వు ముఖంతో ఉంటే ఎక్కువ మంది దాటి వెళ్లారు. భయం చూపిస్తే ఒక్క బిడ్డా దాటలేదు. కొత్త మనిషి ఎదురైనప్పుడు మీ పాప కూడా మొదట చూసేది మీ ముఖాన్నే. పాప చెయ్యి పట్టుకున్న మీ వేళ్లు ఒక్కసారిగా బిగుసుకుంటే, ఆ పిల్లకు వేరే పాఠం అక్కరలేదు.

అలాగని మీ ఆయనలా మారమని ఎవరూ అడగడం లేదు. మితభాషిగా ఉండడం లోపమేమీ కాదు. మీ భయం చెప్పే జోస్యాలను మాత్రం అప్పుడప్పుడు పరీక్షించి చూడండి. పలకరిస్తే అవతలివాళ్లు విసుక్కుంటారనీ, ఇబ్బందిగా ఉంటుందనీ మనం ముందే అనుకుంటాం. షికాగో రైళ్లలో రోజూ ప్రయాణించేవాళ్లతో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాలు 2014లో వెలువడ్డాయి. పక్కవారితో మాట్లాడితే ప్రయాణం బాగుండదని జనం ఊహించారు. తీరా మాట్లాడినవాళ్లకు, మౌనంగా కూర్చున్నవాళ్ల కన్నా ప్రయాణం హాయిగా గడిచింది.

మొదటి పలకరింపుకు పూర్తిగా కొత్తవాళ్లను ఎంచుకోనక్కరలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో ఒక రకం మనుషుల గురించి రాశాడు. రోజూ ఒకే ప్లాట్‌ఫారం మీద కనిపిస్తారు, ముఖం గుర్తుంటుంది, పేరు తెలియదు, ఏళ్లు గడిచినా ఒక్క మాట ఉండదు. అలాంటివాళ్లు మీకూ ఉంటారు. లిఫ్టులో కనిపించే పెద్దావిడో, పాప బడి గేటు దగ్గర రోజూ ఎదురయ్యే ఇంకో తల్లో. పాప పక్కన ఉండగా ఆమెను మీరే ముందు పలకరించండి. ‘మీ బాబు ఏ తరగతి?’ అన్న ఒక్క ప్రశ్న చాలు. మీ పేరు చెప్పవచ్చు, ఇంటి నంబరు చెప్పనక్కరలేదు. ఎంతవరకు మాట్లాడాలో, ఎక్కడ ఆపాలో పాప చూసి నేర్చుకుంటుంది. ఈ విద్య మీ ఆయనకన్నా మీరే బాగా నేర్పగలరు. ఆపడం ఆయనకు రాదు కదా.

చివరగా ఒక మాట అడగాలి. మీది బెరుకేనా, అంతకన్నా ఎక్కువా? కొత్తవాళ్ల ముందు గుండె దడ, వణుకు, చెమటలు వస్తున్నాయా? ఆ భయంతో ఉద్యోగంలో అవకాశాలు, శుభకార్యాలు, చివరికి పాప బడిలో తల్లిదండ్రుల సమావేశాలు కూడా ఎగ్గొడుతున్నారా? ఆరు నెలలుగానో అంతకుమించో ఇదే పరిస్థితి అయితే దాన్ని సామాజిక ఆందోళన అంటారు. అది నయమయ్యేదే. ఆలోచనల తీరును, అలవాట్లను కొద్దికొద్దిగా మార్చే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది. అవసరమైతే మందులు కూడా ఉన్నాయి. సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. మొదటిసారి ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే మీ ఆయన్ను తోడు తీసుకెళ్లండి. డాక్టరుతో మాట మొదలుపెట్టే పని ఆయనకు వదిలేసి, మిగతాది మీరు చెప్పండి.