కొండ నిప్పు జీడితోటకు పాకితే

ప్రశ్న: కొండ మీంచి దిగిన నిప్పుకు మా అంటు జీడితోట సగం మాడిపోయింది. ఆకంతా ఎర్రబడింది. కట్టెల వ్యాపారి ఇప్పుడే కొట్టించేయమని తొందరపెడుతున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, గుణుపురం

జవాబు: వ్యాపారి తొందర వ్యాపారిది. మీరు వానలు పడేదాకా గొడ్డలి ఎత్తకండి. ఆకు మాడడం వేరు, చెట్టు చావడం వేరు. జీడి బెరడు పల్చన. కింద రాలిన ఆకు కాలినప్పుడు మొదలు చుట్టూ ఎంత వేడి తగిలిందన్నదాన్ని బట్టే చెట్టు నిలిచేదీ లేనిదీ తేలుతుంది. నిప్పు పడిన మూడు వారాలకు, నేలకు జానెడు ఎత్తున నాలుగు వైపులా చాకుమొనతో గోరంత బెరడు గీకి చూడండి. అంతకు ముందే గీకితే చచ్చిన బెరడు కూడా పచ్చిగానే కనబడి మోసం చేస్తుంది. లోపలి పొర తడిగా, లేతరంగులో ఉంటే ఆ వైపు ప్రాణముంది. గోధుమరంగుకు తిరిగి ఎండితే లేదు. నాలుగు వైపులా ఎండిన చెట్టు పైన పచ్చగా ఉన్నా కొన్నాళ్లకు పోతుంది. ఒకటి రెండు వైపులే పోతే బతికించుకోవచ్చు.

నీడ పోయిన కాండానికి ఎండ నేరుగా తగిలి బెరడు పగులుతుంది, పడమటి వైపు మరీను. మొదలు నుంచి కొమ్మలు చీలే చోటిదాకా సున్నం పూయండి. వారానికోసారి మొదలు చూస్తూ ఉండండి. చిన్న రంధ్రాలు, జిగురు, రంపపు పొట్టు లాంటి పిప్పి కనబడితే కాండం తొలిచే పురుగు చేరినట్టే. నీరసించిన చెట్లంటే దానికి పండగ. ఆ మేర బెరడు చెక్కి పురుగును తీసి చంపాలి.

వానలకు చిగురు వచ్చాక ఎండుకొమ్మను పచ్చి ఉన్నచోటికి కోసి, కోతకు బోర్డో పేస్టు పూయండి. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో, కిలో సున్నం మరో 5 లీటర్లలో ప్లాస్టిక్ బక్కెట్లలోనే విడివిడిగా కరిగించి, రెండూ ఒకేసారి మూడో బక్కెట్లో పోసి కలపాలి. తళతళలాడే ఇనుప మేకును అందులో ముంచితే ఎర్రటి పూత పట్టిందా, సున్నం చాలలేదన్నమాట, ఇంకొంచెం కలపండి.

చిగురు ఎక్కణ్ణించి వచ్చిందో చూడడం మరవొద్దు. అంటు కట్టిన చోటికి పైన వస్తే రెండు మూడు బలమైనవి ఉంచండి. కింద వస్తే అది నాటు మొక్క చిగురు, మీ రకం కాదు. పైన ఏదీ రాకపోతే దానిలో ఒకటి ఉంచి, వానాకాలంలోనే మంచి రకంతో మళ్లీ అంటు కట్టించండి.

ప్రశ్న: సాలకు నిప్పంటుకుని ఆవుకు వెన్ను, పొదుగు కాలాయి. పసుపూ కొబ్బరినూనే రాశాం. పాలు పిండొచ్చా?
– పర్లాకిమిడి

జవాబు: ఇక నూనె, పసుపు రాయకండి, పుండు మీద పెచ్చు కట్టి లోపల చీము పడుతుంది. లీటరు నీళ్లు కాచి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలిపి, మెల్లగా పోస్తూ కడగండి. మందు పశువైద్యుడు చెప్పిందే వాడాలి. పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. ఈగలు వాలనివ్వకండి, పురుగులు పడతాయి. దూడను విడిగా కట్టి పాలు పట్టండి. పొదుగు గట్టిపడినా, పాలలో రక్తం, గడ్డలు కనబడినా పిండే ముందు వైద్యుడికి చూపించాలి. పొగ మింగిన పశువు మొదటిరోజు బాగానే మేసి మూడో రోజుకు దగ్గు, ఆయాసం పట్టొచ్చు. గిట్ట పైఅంచున వాపు, చెమ్మ ఉందేమో రెండు వారాలపాటు చూడండి. గిట్ట ఊడే ప్రమాదం అప్పుడే బయటపడుతుంది.

ప్రశ్న: కోతకొచ్చిన మొక్కజొన్న కాలిపోయింది, ఎద్దు, రెండు మేకలు పోయాయి. ఫసల్ బీమా వస్తుందా?
– కాశీనగరం

జవాబు: ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఒక్క పొలానికి జరిగే నష్టాల కింద, నిప్పుల్లో లెక్కకొచ్చేది పిడుగు వల్ల పుట్టిందే. అలాంటిదైతే 72 గంటల్లో తెలపాలి. మనుషులు పెట్టిన మంట ఆ లెక్కలోకి రాదు. అందుకని తహసీల్దారుకు అర్జీ పెట్టండి. విపత్తు సహాయ నిధి జాబితాలో అగ్ని ప్రమాదం ఉంది. 2022-26 కాలానికి పెట్టిన కేంద్ర నిబంధనల్లో ఎద్దుకు రూ.32,000, పాడి ఆవుకు, గేదెకు రూ.37,500, మేకకు రూ.4,000 ఉండేది. పంట 33 శాతం, అంతకు మించి పోతే, నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు రూ.17,000, వర్షాధారమైతే రూ.8,500, రెండు హెక్టార్ల వరకు ఉండేది. పశువును పాతిపెట్టకముందే పశువైద్యుడి పోస్టుమార్టం కాగితం తీసుకోండి. అది లేకపోతే అర్జీ ఆగిపోవచ్చు. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ (ఆర్.ఐ.) వచ్చి చూసేదాకా కాలిన చేను దున్నకండి, ఫొటోలు తీసి ఉంచండి.

ప్రశ్న: ఏటా ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు, అది మా తోటలోకి వస్తుంది. అడ్డుకునేదెలా?
– రాయగడ

జవాబు: పువ్వు రాలకముందే చెట్టు కింద ఊడ్చి, పాత చీరో వలో పరిస్తే పువ్వు శుభ్రంగానూ ఉంటుంది, అగ్గిపెట్టె అవసరమూ రాదు. ఊళ్లో ఈ మాట ఫిబ్రవరిలోనే తేల్చుకోవాలి.

తోట చుట్టూ కనీసం మూడు మీటర్ల మేర గడ్డి, ఆకు తీసి మట్టి కనబడేలా ఫైర్‌లైన్ వేయండి. కోసిన గడ్డి అక్కడే వదిలేస్తే వేసినా వేయనట్టే. జనవరిలో వేసింది మార్చికి మళ్లీ ఆకుతో నిండుతుంది, రెండోసారి ఊడవాలి. తోట వాలు మీదుంటే కింది అంచున ఇంకా వెడల్పు కావాలి, నిప్పు ఎగువకే పరుగెడుతుంది గనుక. పైఅంచున మూరెడు లోతు కాలువ తవ్వండి. దొర్లివచ్చే నిప్పుకణికలు అందులోనే ఆగుతాయి. మోకాలెత్తు దాటని మంటనైతే కలుపు మందు వాడని స్ప్రేయర్‌తో, పచ్చికొమ్మలతో, కాలిపోయిన వైపున నిలబడి పక్కల నుంచి ఆర్పొచ్చు. ఎగువన ఎప్పుడూ నిలబడొద్దు. అంతకు మించితే 101కి, అటవీ సిబ్బందికి చెప్పి తప్పుకోండి. ఎదురు మంట పెట్టడం మీ పని కాదు.

ప్రశ్న: కంచె ముళ్లతీగ కాలింది, వాడొచ్చా?
– మోహన

జవాబు: జింకు పూత కరిగిపోయిన తీగ తొందరగా తుప్పు పడుతుంది. మంట ఎక్కువ తగిలిన చోటే మార్చండి, మిగతాది బాగానే పనికొస్తుంది. కర్ర గుంజల్ని మాత్రం నేలమట్టం దగ్గర తట్టి చూడండి, బొగ్గయ్యేది అక్కడే.