పీర్ల పండుగ రోజుల్లోనే అక్కడ సెబైబా

పోయిన సంచికలో జానెత్ ఫొటో వేసినప్పటి నుంచి ఆ ఊరి గురించే ఉత్తరాలు వస్తున్నాయి. అల్జీరియా దేశానికి ఆగ్నేయ మూలన, లిబియా సరిహద్దు దాపున, సహారా ఎడారి నడుమ ఉన్న, అక్కడి సంచార తెగ అయిన టువారెగ్‌ల ఊరు అది. మహబూబ్‌నగర్‌లో ఏళ్ళ తరబడి భూగోళం పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఒక చలికాలం అక్కడికి వెళ్ళివచ్చినదాన్ని కనుక ఈసారి జవాబులన్నీ నన్నే రాయమన్నారు.

ప్రశ్న: టీచరమ్మా, మాది కల్వకుర్తి దగ్గర పల్లె. మా ఊర్ల పీర్ల పండుగ పెద్దగ చేస్తరు. మా నాయన పీరు ఎత్తేటోడు. జానెత్‌ల కూడా అవే రోజుల్ల కత్తులు పట్టి ఆడే పండుగ ఉందని చదివిన. నేను, మా ఆయన పోదామనుకుంటున్నం. ఎప్పుడు పోవాలె, ఎట్ల పోవాలె?
– ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: చెల్లెమ్మా, మీరు చదివింది నిజమే. ఆ పండుగ పేరు సెబైబా. మొహర్రం నెల పదో రోజున, అంటే మన ఊళ్ళలో పీర్లను సాగనంపే రోజునే, జానెత్‌లోని జెలువాజ్, ఎల్ మిహాన్ అనే రెండు వాడలు పోటీకి దిగుతాయి. అంతకుముందు తొమ్మిది రోజులూ ఏ వాడ తరఫున ఎవరు ఆడాలి, ఎవరు పాడాలి అని తేల్చుకునే పోటీలు నడుస్తాయి. పదో రోజు మగవాళ్ళు యోధుల వేషం కట్టి వలయంగా నిలబడి చేతిలోని కత్తులను ఆపకుండా ఆడిస్తుంటారు. పాడేదీ, డప్పు వాయించేదీ ఆడవాళ్ళు. మూసా ప్రవక్త చేతిలో ఈజిప్టు రాజు ఫరో ఓడిపోయాడన్న కబురు విని, అప్పటిదాకా కొట్టుకుంటున్న ఈ రెండు వాడలూ సంధి చేసుకున్నాయని అక్కడివాళ్ళు చెప్పుకునే కథ. యునెస్కో 2014లో ఈ పండుగను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఒక్క మాట ముందే చెప్పాలి. రోజు ఒకటే అయినా పండుగ ఒకటి కాదు. మనం హసన్ హుసేన్‌లను తలుచుకుని ఊదు వేస్తాం, దట్టీలు కడతాం, మలీద పంచుతాం, రాత్రంతా అలాయి చుట్టూ ఆడతాం. మన ఆటలో ఏడుపు ఉంది. వాళ్ళది పగ తీరిన పండుగ. మన పండుగను అక్కడ వెతుక్కోవడానికి కాకుండా, వాళ్ళ పండుగ వాళ్ళది అనుకుని వెళ్ళండి.

ఎప్పుడు అన్నదే చిక్కు. చాంద్రమానం కనుక సెబైబా ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో జూన్ చివరన, 2027లో జూన్ నడిమధ్యన వస్తుంది. జూన్‌లో అక్కడ పగటి ఎండ 40 డిగ్రీల దగ్గర్లో ఉంటుంది. మన రోహిణి కార్తె ఎండలు భరించినవాళ్ళకు అది కొత్త కాదు. పైగా ఊరు సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పొడి గాలి. కానీ ఆ నెలల్లో ఎడారి లోపలికి తీసుకుపోయేవాళ్ళు దొరకడం కష్టం. ఇసుక కొండలూ, రాతి లోయలూ చూడాలంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకానే అదను. మీ నాయన పీరు ఎత్తిన మనిషి అంటున్నారు కనుక మీకు నా సలహా ఇది: సెబైబాకే వెళ్ళండి, ఊరు మాత్రమే చూడండి, ఎడారిని ఇంకోసారికి ఉంచుకోండి. రెండూ ఒకేసారి కావాలంటే ఓపిక పట్టాలి, 2033 నాటికి సెబైబా ఏప్రిల్‌లోకి వస్తుంది.

శంషాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో అల్జీర్స్ చేరాలి. అక్కడి నుంచి జానెత్‌కు దేశీయ విమానంలో రెండున్నర గంటలు. రోడ్డు మీద వెళ్తే రెండు వేల కిలోమీటర్ల పైమాట, ఆ ఆలోచనే పెట్టుకోకండి. వీసా సంగతి: దక్షిణ ఎడారి ప్రాంతాలకు గుర్తింపు ఉన్న ఏజెన్సీ ద్వారా వచ్చే విదేశీ పర్యాటకులకు దిగిన చోటే వీసా ఇచ్చే పద్ధతిని అల్జీరియా 2023లో మొదలుపెట్టింది. ఏజెన్సీ మీ పాస్‌పోర్టు వివరాలు పంపించి అనుమతి పత్రం తెప్పిస్తుంది. ఆ పత్రం మీ చేతికి వచ్చాకే టికెట్లు కొనండి. అలా కుదరకపోతే ఢిల్లీలో వాళ్ళ రాయబార కార్యాలయం ఉంది.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. చలికాలంలో వెళ్ళే బృందాల్లో చాలామంది జానెత్‌ను చూడనే చూడరు. విమానం ఏ అర్ధరాత్రో దిగుతుంది, జీపులు అటునుంచి అటే ఇసుకలోకి పోతాయి. తిరిగి వచ్చేటప్పుడు నేరుగా ఎయిర్‌పోర్టే. అంత దూరం పోయి, ఆ ఎడారిని వేల ఏళ్ళుగా ఇల్లు చేసుకున్న మనుషులతో ఒక పూట కూర్చోకుండా వచ్చేస్తారు. నాకు ఇది మనసుకు పట్టని పని. ఏజెన్సీకి రాసే మొదటి ఉత్తరంలోనే ఊర్లో కనీసం రెండు రోజులు కావాలని రాయండి. గుట్ట మీద రాయీ మట్టీ కలిపి కట్టిన పాత వాడలు, కింద లోయలో ఖర్జూర తోటలు, తోటల నీడన పెంచే కూరగాయలు, సందుల్లో ఆడుకునే పిల్లలు, ఇవన్నీ నడిచి చూడాల్సినవి.

ఎవరైనా ఇంటికి పిలిస్తే చాయ్ కోసం తీరిక పెట్టుకోండి. బొగ్గుల మీద చిన్న ఎనామెల్ కూజా పెట్టి, చైనా నుంచి వచ్చే పచ్చ తేయాకు మరిగిస్తారు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి చెయ్యెత్తి పోస్తూ, మళ్ళీ కూజాలోకి ఒంపుతూ, నురగ నిలిచేదాకా అదే పని. మాకు చాయ్ కాచిన పెద్దాయన మాట్లాడుతూనే ఉన్నాడు, చెయ్యి మాత్రం ఒక్క చుక్క ఒలికించలేదు. మొత్తం మూడు విడతలు ఇస్తారు. మొదటిది చేదుగా ఉంటుంది, పోను పోను పలచబడి తియ్యనవుతుంది. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదు. గంటన్నర పట్టినా పట్టొచ్చు. ఆ గంటన్నరలోనే మాకు వాళ్ళ పిల్లల చదువుల గురించీ, వానలు పడని ఏళ్ళ గురించీ తెలిసింది.

ప్రశ్న: అక్కడ మగవాళ్ళే ముఖం కప్పుకుంటారట, ఆడవాళ్ళు కప్పుకోరట. నిజమేనా? ఒంటరి ఆడవాళ్ళు వెళ్ళవచ్చా?
– ఒక లెక్చరర్, వనపర్తి

జవాబు: నిజమే. మగపిల్లవాడు పెద్దవాడయ్యాక తగెల్ముస్త్ అనే పొడవాటి తలగుడ్డను కళ్ళు మాత్రం కనిపించేలా చుట్టుకుంటాడు. నీలిమందు అద్దిన బట్ట అయితే ఆ రంగు చర్మానికి కూడా అంటుతుంది. ఆడవాళ్ళు తల మీద గుడ్డ వేసుకుంటారు కానీ ముఖం దాచుకోరు. సంప్రదాయంగా గుడారం ఆడదాని సొత్తు. ఇమ్‌జాద్ అనే ఒంటితీగ వాద్యాన్ని వాయించేది కూడా ఆడవాళ్ళే. సొరబుర్రను సగానికి కోసి, పైన తోలు బిగించి, గుర్రపు వెంట్రుకల తీగ కట్టి, ఒళ్ళో పెట్టుకుని వంకర కమానుతో వాయిస్తారు. 2022లో పద్మశ్రీ అందుకున్న మన నాగర్‌కర్నూలు దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెర విన్నవాళ్ళకు సొరబుర్ర గొంతు కొత్త కాదు. కానీ ఇమ్‌జాద్ స్వరం దానికన్నా సన్నగా, మనిషి మూలుగుకు దగ్గరగా ఉంటుంది. వాయించే చేతులు తగ్గిపోతున్న విద్య ఇది. ఎక్కడైనా వినిపిస్తారంటే మిగతా కార్యక్రమం మానుకుని అయినా కూర్చోండి.

ఒంటరిగా వెళ్ళవచ్చు, కానీ విమానం దిగినప్పటి నుంచి ఏజెన్సీ మనిషి వెంట ఉండే ఏర్పాటుతోనే. చేతులూ కాళ్ళూ కప్పే వదులు బట్టలు వేసుకోండి. మన సల్వార్ కమీజ్ అక్కడ చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: టింబక్టూ, అగాదెజ్ పెద్ద పేరున్న టువారెగ్ ఊళ్ళు కదా మేడమ్, వాటిని వదిలి జానెత్ ఎందుకు? స్నేహితులం నలుగురం జీపు కిరాయికి తీసుకుని మేమే నడుపుకుంటూ పోవచ్చా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వద్దు బాబూ, ఇప్పుడు వద్దు. అగాదెజ్‌లో 1515 నాటి మట్టి మినారు 27 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది, దాన్ని చూడాలని నాకూ ఉంది. టింబక్టూలో 2012లో సాయుధ ముఠాలు పగలగొట్టిన సమాధి మందిరాలను ఊరి తాపీ మేస్త్రీలే మళ్ళీ కట్టారు, వాళ్ళకు చేతులెత్తి మొక్కాలని ఉంది. కానీ ఆ ఊళ్ళున్న నైజర్, మాలి దేశాల్లో ముఠాల భయం తగ్గలేదు. 2025 జులైలో ఆ రెండు దేశాల్లోనూ పనికి వెళ్ళిన మన భారతీయులనే ఎత్తుకుపోయారు. కోరిక ఎంత బలమైనదైనా, ఇంటిదగ్గర కన్నవాళ్ళను ఆ స్థితిలో పెట్టే హక్కు మనకు లేదు.

జానెత్‌లోనూ సొంత జీపు కుదరదు. పర్యాటకుల వెంట స్థానిక గైడ్ ఉండి తీరాలి, దారిలో అక్కడి సాయుధ పోలీసులైన జాండార్మ్‌ల చెక్‌పోస్టుల దగ్గర పేర్లు రాయించాలి. ఇది వేధింపు అనుకోకండి. 2025 జనవరిలో దక్షిణ అల్జీరియాలో ఒక స్పెయిన్ పర్యాటకుణ్ణి ఎత్తుకుపోయారు, తర్వాత విడిపించారు. అందుకే సరిహద్దు వైపు పోదామని గైడ్‌ను ఒత్తిడి చేయవద్దు. బయల్దేరే ముందు మన విదేశాంగ శాఖ హెచ్చరికలు చదవండి, అల్జీర్స్‌లోని మన ఎంబసీకి మీ వివరాలు ఇవ్వండి. నలుగురు ఉండటం మంచిదే, జీపు ఖర్చు నలుగురికీ పంచుకోవచ్చు.

ప్రశ్న: మేము శాకాహారులం. ఎడారిలో తిండికి ఏం చేయాలి?
– దంపతులు, మిర్యాలగూడ

జవాబు: పస్తు పడుకోరు, భయపడకండి. బఠాణీలు, శనగలు, ఆలుగడ్డ, గుమ్మడి, క్యారెట్ వేసిన కూర, గోధుమ రవ్వతో చేసే కుస్‌కుస్, అన్నం, ఖర్జూరాలు దొరుకుతాయి. కాకపోతే మాంసం వేసి ఉడికించిన గిన్నెలోంచి ముక్కలు తీసేసి మీకు వడ్డిస్తే అది శాకాహారమే అనుకుంటారు, వాళ్ళ తప్పేం లేదు. వేరే గిన్నెలో వండాలని ఏజెన్సీకి ముందే రాసి, వంటమనిషికి అక్కడ మళ్ళీ చెప్పించండి.

తగెల్లా రొట్టె చేయడం మాత్రం పక్కనే కూర్చుని చూడండి. ఎండు కట్టెలతో మంట వేసి, ఇసుక కాగాక నిప్పులను పక్కకు జరుపుతారు. నీళ్ళతో కలిపిన గోధుమ రవ్వ ముద్దను గుండ్రంగా ఒత్తి ఆ వేడి ఇసుక మీదే పరుస్తారు, పైన ఇసుకా నిప్పులూ కప్పుతారు. మధ్యలో ఒకసారి తిరగేస్తారు. బయటికి తీసి కర్రతో తట్టి, ఇసుక రాల్చి, నీళ్ళతో కడిగి, తుంచి ముక్కలు చేసి కూరలో కలుపుతారు. నా పంటికి ఒక్క ఇసుక రేణువు తగల్లేదు. నువ్వుల పొడి, కారప్పొడి తీసుకెళ్ళండి. మా గైడ్ మా కారప్పొడి రుచి చూసి రెండోసారి అడిగి మరీ వేసుకున్నాడు.

ప్రశ్న: మాది మక్తల్. ముడుమాల్ నిలువురాళ్ళు చూస్తూ పెరిగిన. తస్సిలి రాతి బొమ్మలు చూడాలని ఆశ. వాటిని చూడాలంటే చాలా నడవాలా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: నడవగలిగే వయసు నీది బిడ్డా, తప్పక చూడు. తస్సిలి నజ్జర్ జానెత్ పక్కనే ఉన్న 72,000 చదరపు కిలోమీటర్ల పీఠభూమి. 1982లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. బొమ్మలు, చెక్కడాలు కలిపి 15,000కు పైగా గుర్తించారు. సెఫార్, తమ్రిత్ లాంటి చోట్లకు జీపు పోదు. సామాను గాడిదల మీద వేసి, మనం రాతి దారిన ఎక్కి, కొన్ని రాత్రులు పైనే పడుకోవాలి. ఏనుగులు, జిరాఫీలు, పశువుల మందలు, ఆ తర్వాతి కాలపు ఒంటెలు, అన్నీ ఆ రాళ్ళ మీద ఉన్నాయి. సహారా ఒకప్పుడు పచ్చగా ఉండేదని క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ఆ ఏనుగు ముందు నిలబడితే అది పాఠం కాదు, కళ్ళముందున్న నిజం.

నడవలేనివాళ్ళకు ఊరికి దగ్గర్లోనే తెఘర్‌ఘర్త్ అనే చోట ఏడ్చే ఆవు చెక్కడం ఉంది. పెద్ద కొమ్ముల ఆవులు తలలు వంచి ఉంటాయి, కంటి కింద నీటిబొట్టు చెక్కి ఉంటుంది. ఏటేటా వచ్చే చోటికి మందతో వచ్చి చూస్తే నీళ్ళు ఎండిపోయాయని, అందుకే ఏడుస్తున్నాయని అక్కడివాళ్ళు చెబుతారు. సాయంత్రపు ఏటవాలు వెలుగులో గీతలు బాగా తేలతాయి. పాలమూరు కరువులో పశువులను అంగడికి తోలడం కళ్ళారా చూసినదాన్ని, అక్కడి నుంచి కదలడానికి నాకు చాలాసేపు పట్టింది.

బొమ్మల మీద చెయ్యి వేయకు, నీళ్ళు చల్లకు. 1956, 57లో ఆన్రీ లోత్ అనే ఫ్రెంచి పరిశోధకుడి బృందం వాటికి నకళ్ళు తీసింది. జెబ్రీన్ అనే టువారెగ్ గైడ్ దారి చూపించకపోతే వాళ్ళు సగం చోట్లకైనా చేరేవాళ్ళు కాదు. కానీ రంగులు బాగా కనపడాలని బొమ్మలను తడిపారు, దాంతో చాలా బొమ్మలు దెబ్బతిన్నాయి. ముడుమాల్ రాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. వాటి మీద పేర్లు గీకేవాళ్ళను చూస్తే కూడా ఇదే గట్టిగా చెప్పు.

ప్రశ్న: ఏమేం సర్దుకోవాలి? మన ఏటీఎం కార్డు పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: కార్డు మీద ఆశ పెట్టుకోకండి. అల్జీరియా దినార్లు ఇక్కడ దొరకవు, యూరో నోట్లు తీసుకెళ్ళి అక్కడ మార్చుకోవాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది, కనుక మందపాటి స్వెటర్, మంకీ క్యాప్, మంచి స్లీపింగ్ బ్యాగ్ కావాలి. తలగుడ్డ అక్కడే కొనుక్కోండి, గైడే కట్టడం నేర్పిస్తాడు. డ్రోన్ మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్ళండి, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. పోలీసులనూ, సైనిక స్థావరాలనూ ఫొటో తీయవద్దు. మనుషులను తీయాలంటే ముందు అడగండి. హిందీ, ఇంగ్లిష్ పెద్దగా పనికిరావు. వాళ్ళు ఇంట్లో తమ టువారెగ్ భాష తమాహక్, బయట అరబ్బీ, ఫ్రెంచి మాట్లాడతారు. సలాం చెప్పి, బాగున్నారా అని రెండు మూడుసార్లు అడగడం అక్కడి మర్యాద, తొందరపడకుండా అడగండి. చివరి రోజు గైడ్‌కు, డ్రైవర్‌కు, వంటమనిషికి ఇచ్చే డబ్బులు వేరువేరు కవర్లలో పెట్టి ఎవరిది వాళ్ళ చేతికే ఇవ్వండి.