సర్పి (షింగిల్స్) వస్తే నొప్పి, దురద తగ్గడానికి ఇంట్లో ఏం చేయొచ్చు?

మీ అమ్మగారికి నిన్న వీపు నుంచి పొట్ట వైపు పొక్కులు తేలాయని, ఇంటి వైద్యం ఏదైనా చెప్పమని అడిగారు. చెబుతాను. దానికి ముందు, డాక్టరుకి చూపించారో లేదో చెప్పండి. వైరస్‌ని అణిచే యాసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ లాంటి మందులు పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. అంటే మీకు ఇవాళ, రేపు తప్ప టైమ్ లేదు. కిడ్నీ సమస్య ఏదైనా ఉంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, డోసు మారుతుంది.

మా ఇంట్లో మావయ్యగారికి సర్పి వచ్చింది. పొక్కుల కంటే ముందు మంట మొదలైంది. గ్యాస్ అని ఒకరు, గుండెనొప్పేమోనని ఇంకొకరు అంటే ఈసీజీ కూడా తీయించాం. బనియను తగిలితే నిప్పుకణిక పెట్టినట్టు ఉందనేవారు. ఫ్యాను గాలికి కూడా ఉలిక్కిపడేవారు. పొక్కులు తేలాకే అందరికీ అర్థమైంది. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మందు మొదలుపెట్టించాను.

మర్నాడు పొద్దున్నే మా అత్తయ్య, సర్పికి మంత్రం వేసి జేగురు పూసే పెద్దాయన్ని పిలిపించింది. అప్పటికే గిన్నెలో మట్టి కలిపి పెట్టేశారు.

"అత్తయ్యా, మంత్రం వేయించండి, నేను వద్దనను. పొక్కుల మీద మాత్రం మట్టి పూయొద్దు, చీము పడుతుంది" అన్నాను.

"సర్పి పాములా నడుము చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పంటారే అమ్మాయ్!" అంటూ ఏడ్చేసింది.

మావయ్యగారిని పక్కకి తిరగమని, దుప్పటి తీసి చూపించాను. వెన్నెముక పక్కన మొదలైన పొక్కులు పక్కటెముకల కిందుగా వచ్చి, సరిగ్గా పొట్ట మధ్యలో ఆగిపోయాయి. అవతలి పక్క ఒక్కటి కూడా లేదు. చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసినవాళ్ల ఒంట్లో ఆ వైరస్ నరాల మొదళ్లలో దాక్కుని ఉంటుందని, వయసు మీదపడి ఒంట్లో శక్తి తగ్గాక ఒక నరం వెంట బయటికొస్తుందని, ఆ నరం వెళ్లినంత మేరే పొక్కులొస్తాయని వేలితో గీత గీసి మరీ చెప్పాను. ఆ పెద్దాయన కూడా వంగి చూశాడు. మంచివాడు, వాదించలేదు. వేపమండతో ఒంటికి తగలకుండా దించి, మట్టి గిన్నె పక్కన పెట్టేశాడు. అత్తయ్య మనసు కుదుటపడింది. ఇంట్లో పెద్దవాళ్ల నమ్మకాన్ని కొట్టిపారేస్తే వాళ్లు మన చాటున ఆ పూత పూయిస్తారు. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడటమే మేలు.

ఇక మీరు అడిగిన విషయం. మాకు అన్నిటికంటే పనికొచ్చింది పాత మల్లు పంచె. దాన్ని ముక్కలు చేసి, కాచి చల్లార్చిన నీళ్లలో తడిపి, గట్టిగా పిండి పొక్కుల మీద పరిచేదాన్ని. పావుగంట ఉంచి తీసేయాలి. తీశాక రుద్దకుండా అద్ది ఆరనివ్వాలి. ఐసు పెట్టకండి, ఆ చర్మం తట్టుకోలేదు. దురదకి కాలమైన్ లోషన్ సీసా బాగా కుదిపి, దూదితో అద్దాలి. పొక్కు చితికి పుండుగా ఉన్నచోట వద్దు. గోళ్లు కత్తిరించండి, ఎందుకంటే మనిషి నిద్రలో తెలియకుండానే గోక్కుంటాడు. వదులైన నూలు లాల్చీ వేయండి. వాడిన గుడ్డలు విడిగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. అమ్మవారు రాని పసిపిల్లలకి, గర్భిణులకి ఆ పొక్కుల రసి తగిలితే వాళ్లకి అమ్మవారు పోసే ప్రమాదం ఉంది. వాళ్లని కొన్నాళ్లు దూరంగా ఉంచండి.

పసుపు, వేపాకు ముద్ద, సున్నం, వెల్లుల్లి, ఇవేవీ పొక్కుల మీద పెట్టకండి. మందుల షాపులో అడక్కుండానే చేతిలో పెట్టే స్టెరాయిడ్ క్రీములు కూడా వద్దు. చూడటానికి వచ్చినవాళ్లు చెప్పే పథ్యాలంటే నాకు ఒళ్లు మండుతుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పప్పు వద్దు, స్నానం వద్దు! నొప్పితో నిద్రలేని మనిషి కడుపు కూడా మాడ్చితే ఎలా కోలుకుంటాడు? మావయ్యగారికి గోరువెచ్చటి నీళ్లతో రోజూ స్నానం చేయించాం, మామూలు భోజనమే పెట్టాం.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. చిట్కాలు దురదకి పనికొస్తాయి, నరం నొప్పి వాటికి లొంగదు. పెద్దవాళ్లలో పొక్కులు మానాక కూడా ఆ నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు. గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ లాంటి మందులు ఉన్నది అందుకే. "వయసులో ఇంతేలే" అని ఆవిణ్ణి ఓర్చుకోమనకండి, మళ్లీ డాక్టరుని అడగండి. పొక్కులు నుదుటి మీద, కంటి దగ్గర, ముక్కు కొన మీద వస్తే ఆ రోజే కంటి డాక్టరుకి చూపించాలి, చూపు దెబ్బతినే ప్రమాదం ఉంది.

దీనికి టీకా ఉందని మాకు ముందుగా ఏ డాక్టరూ చెప్పలేదు, ఆ కోపం నాకింకా ఉంది. షింగ్రిక్స్ అని 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. 50 దాటినవాళ్లకి రెండు డోసులు, మధ్యలో 2 నుంచి 6 నెలల తేడాతో వేస్తారు. ఖరీదు ఎక్కువే, అయినా మా అత్తయ్యకి వేయించాం. సర్పి ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావచ్చు కాబట్టి మీ అమ్మగారికి పూర్తిగా తగ్గాక ఎప్పుడు వేయించాలో డాక్టర్ని అడిగి తెలుసుకోండి. మీ నాన్నగారు ఉంటే ఆయన సంగతి కూడా అప్పుడే అడగండి.